రింక్‌లో మాకూ ఒక సాయంత్రం ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పెద్దాయన ఉత్తరం చదివాను. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నపూట స్కేటింగ్ చేసేవాళ్ల వల్ల నడకకు వచ్చేవాళ్లు భయపడుతున్నారని, వాళ్లను అటు రానివ్వకూడదని రాశారు. అక్కడితో ఆపి ఉంటే నేను పెన్ను పట్టుకునేదాన్ని కాదు. పిల్లలంటే సరే, పెళ్లీడు పిల్లలున్న ఆడవాళ్లు కూడా నలుగురు చేరి ఇకఇకలు పకపకలతో చక్రాల మీద తిరుగుతున్నారని ఇంకో మాట కలిపారు. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని. మాలో ఒకావిడకు పెళ్లీడు పిల్లలేం ఖర్మ, ఏకంగా మనవడే ఉన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్స్ వేసుకున్న కుర్రాళ్లు కొందరు వెనక నుంచి వచ్చి, భుజం పక్కనుంచి రయ్యిన దూసుకుపోతారు. ఇప్పటి చక్రాలు పాలియురేథేన్‌తో చేసినవి, తారు మీద పెద్దగా చప్పుడు కావు. చప్పుడు లేకుండా వచ్చిన మనిషి ఒక్కసారిగా పక్కన తేలితే డెబ్బై ఏళ్ల వాళ్లకు గుండె ఝల్లుమనదా? స్కేటర్లకు వేరే టైమో, రోడ్డులో ఒక పక్కో కేటాయించమని ఆయన అడిగుంటే కింద నేనూ సంతకం పెట్టేదాన్ని. కానీ అసలు మేమంతా రోడ్డెక్కాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆయన అడగలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. అక్కయ్యపాలెంలో ఉంటాం. మా అబ్బాయి ఇంట్లో ఉంటే ఫోన్ వదలడని వేసవి సెలవుల్లో స్కేటింగ్ క్యాంపులో వేశాం. పిల్లల్ని దింపి ఇంటికెళ్లి మళ్లీ రావడమంటే ఆటో ఖర్చు దండగ. అందుకని తల్లులందరం రింక్ పక్కన, అంటే స్కేటింగ్ కోసం కట్టిన నున్నటి గచ్చు పక్కన, మెట్ల మీదే కూర్చునేవాళ్లం. మా పక్క ఫ్లాటు వదిన చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసేది. ఒక టీచరమ్మ పేపర్లు దిద్దుకునేది. మనవణ్ణి తీసుకొచ్చే బ్యాంకు మేడం మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా రింక్ వైపే చూస్తూ ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, మాటలో మాత్రం మాకంటే దూకుడు. ఒకరోజు పిల్లల క్లాసు అయిపోగానే లేచి వెళ్లి కోచ్ గారిని అడిగేశారు, మాలాంటి వాళ్లకు ఈ వయసులో ఇది వస్తుందా మాస్టారూ అని.

ఆయన చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. "ఎందుకు రాదు మేడం? పిల్లలు పడితే లేచిపోతారు. మీరు పడితే ఎవరైనా చూశారా అని ముందు చుట్టూ చూస్తారు. ఆ చూడటం మానేస్తే వచ్చేస్తుంది" అన్నారు.

అలా మొదలైంది. క్లాసు అయ్యాక లైట్లు ఆర్పేదాకా ఉండే ఆ కాస్త టైములో కోచ్ గారు మాకు చెప్పేవారు. ముందు నాలుగు చక్రాల క్వాడ్స్, అంటే ముందు రెండు, వెనక రెండు ఉండేవి. పిల్లలకైతే బూటు మీద పట్టీలతో కట్టుకుని, కింద నట్టు తిప్పి సైజు పెంచుకునేవి అద్దెకు దొరుకుతాయి. పెద్దవాళ్ల పాదానికి సరిపోయేవి ఒక్క జత లేవు. ఇక కొనుక్కోక తప్పలేదు. మా వదిన వాళ్లాయన "దానికన్నా మిక్సీ మార్చుకోవచ్చుగా" అన్నాడట. మిక్సీ ఇప్పటికీ పాతదే.

చక్రాల మీద మొదటిసారి నిలబడినప్పుడు మా అందరి కాళ్లూ అప్పుడే పుట్టిన లేగదూడ కాళ్లలాగే ఉన్నాయి. భయం వేస్తే మనిషి బిగుసుకుపోతాడు, నిటారుగా అయి వెనక్కి వాలతాడు. కింద పడేసేది అదే. మడమలు దగ్గరగా, వేళ్లు బయటికి పెట్టి, మోకాళ్లు వంచి, బరువు కాస్త ముందుకు వేయాలి. చూపు కాళ్ల మీద కాకుండా దూరంగా ఉండాలి. పడబోతున్నామని తెలిస్తే ఇంకా కిందికి కూర్చున్నట్టుగా అయి, మోకాలి గార్డుల మీదో పక్కకో పడాలి. ఇవన్నీ చెప్పడం తేలికే. ఒళ్లు వినడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఇక్కడ నా ఉద్యోగం వల్ల ఒక మాట చెప్పాలి. మా సెంటర్లో ఎక్స్‌రే గది నా గది పక్కనే. ఎవరైనా జారి పడినప్పుడు నేల మీద ముందు ఆనేది అరచెయ్యి, విరిగేది మణికట్టు. వయసు మళ్లిన ఆడవాళ్లు మణికట్టు పట్టుకుని ఆ గది ముందు కూర్చోవడం నేను తరచూ చూస్తాను. రింకుల్లో పిల్లలకు హెల్మెట్, మోకాలికి, మోచేతికి గార్డులు ఇస్తున్నారు గానీ మణికట్టుకు వేసుకునే రిస్ట్ గార్డులు చాలామందికి ఉండటం లేదు. తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ముందు ఆ జత కొనండి. మా బృందంలో రిస్ట్ గార్డ్ లేకుండా వచ్చిన వాళ్లకు ఆ రోజు మెట్ల మీద కూర్చోవడమే పని. బ్యాంకు మేడంకి కూడా మినహాయింపు లేదు.

క్యాంపు ముగింపు రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇదంతా ఎందుకంత ఇష్టమో దాన్ని బట్టే తెలుస్తుంది. పిల్లలకు పోటీలు, సర్టిఫికెట్లు, సమోసాలు అయ్యాక కోచ్ గారు మైకులో "ఇప్పుడు తల్లుల ఈవెంట్" అని ప్రకటించారు. మాకు ముందే చెప్తే ఎగ్గొడతామని చెప్పలేదట. స్కేట్స్ మీద నిమ్మకాయ చెంచా పోటీ! నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ, కాళ్ల కింద చక్రాలు. రింక్ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాలి. చున్నీలు నడుముకు కట్టుకుని వరసలో నిలబడ్డాం. స్పీకర్లో ఏదో డాన్సు పాట. పిల్లలంతా రెయిలింగ్ పట్టుకుని మా మీద అరుపులే అరుపులు. "మోకాళ్లు వంచమ్మా!" "కిందికి చూడకు!" "అమ్మా, బ్రేకు, బ్రేకు!" రోజూ ఇంట్లో మేం వాళ్ల మీద అరిచేదంతా ఒక్క సాయంత్రంలో మాకు తిరిగి ముట్టజెప్పారు.

టీచరమ్మ మొదటే వంగి నిమ్మకాయ కోసం వెతుక్కుంటూ అక్కడే కూర్చుండిపోయింది. మా వదిన బాగా వెళ్తోంది గానీ నవ్వు ఆపుకోలేక చెంచా జారవిడిచింది. నేను వేగంగానే వెళ్లాను, నిమ్మకాయ మాత్రం బయల్దేరిన చోటే ఉండిపోయింది. బ్యాంకు మేడం ఎవరినీ పట్టించుకోకుండా, టెల్లర్ కౌంటర్లో నోట్లు లెక్కపెట్టినంత నిదానంగా, అడుగు అడుగు వేసుకుంటూ వెళ్లి గెలిచారు. బహుమతి ఒక వాటర్ బాటిల్. ఆవిడ మనవడు దాన్ని వాళ్ల అపార్టుమెంటులో అందరికీ చూపించాడట, మా అమ్మమ్మది, స్కేటింగ్‌లో ఫస్టు అని.

నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కలవాలంటే మన ఊళ్లో చోటేది? పేరంటం, పెళ్లి, చీటీ పాట, కాకపోతే ఎవరినైనా చూడ్డానికి ఆసుపత్రి. అన్నిచోట్లా కూర్చోవడమే, అన్నిచోట్లా చీరల మాటలు, పిల్లల ర్యాంకుల మాటలు. చక్రాలు కట్టుకున్నాక ర్యాంకుల గురించి మాట్లాడటం కుదరదు. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని, పడకుండా, పడేయకుండా ఆ మలుపు తిరగాలి. ఏడాదంతా పక్కపక్క తలుపుల్లో ఉండి "బాగున్నారా" కంటే ఎక్కువ మాట్లాడుకోని నేనూ మా వదినా అక్కడే దగ్గరయ్యాం. ఇప్పుడు స్కేటింగ్ అయ్యాక బీచ్ రోడ్డులో ఇసక పక్కన గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటాం. ఎవరు ఎలా పడ్డారో మళ్లీ నటించి చూపించడం అక్కడి ప్రోగ్రాం. పెద్దాయన విన్న పకపకలు బహుశా అవే.

ఇక రింక్ సంగతి. క్యాంపు అయిపోయాక ఆ కాస్త టైమూ పోయింది. సాయంత్రం నాలుగున్నర నుంచి లైట్లు ఆర్పేదాకా పూర్తిగా కోచింగ్ బ్యాచ్‌లే. బిగినర్లు, అడ్వాన్స్‌డ్, స్పీడ్, ఆర్టిస్టిక్, హాకీ, ఒకరి తరవాత ఒకరు. ఆదివారం కూడా అంతే, పోటీలు దగ్గర పడితే మరీనూ. మేం ఆఫీసుకు వెళ్లి, టికెట్ పెట్టి గంట సేపు పెద్దవాళ్లను రానివ్వండి అని అడిగాం. ఇది ప్లేయర్లకేనండీ, కావాలంటే లెటర్ పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్నాం. ఆ లెటర్ ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి వెళ్లిందనే దాకా మాకు కబురు అందింది. ఆ రింక్ పేరు రాయను. అక్కడి వాచ్‌మన్ మంచివాడు, మా చెప్పులు కాస్తాడు, అతనికి మాట రాకూడదు.

అందుకే బీచ్ రోడ్డు. పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు, రోడ్డు నున్నగా ఉంటుంది, సముద్రం పక్కనే. వినడానికి స్వర్గంలా ఉంటుంది గానీ స్కేటర్లకు అది మంచి చోటు కాదు. గాలికి కొట్టుకొచ్చిన ఇసక తారు మీద పల్చగా పరుచుకుని ఉంటుంది, చక్రం దాని మీద పడితే పట్టు జారుతుంది. ఉప్పు గాలికి బేరింగులు తుప్పు పడతాయి. ఒక జత స్కేట్స్‌కు ఎనిమిది చక్రాలు, చక్రానికి రెండు చొప్పున పదహారు బేరింగులు. వాటిని విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె చుక్కేసి మళ్లీ బిగించడం మా వదిన డ్యూటీ. టైలరింగ్ చేస్తుంది కాబట్టి నూనె కూడా ఆవిడదే. మరీ పాడైతే బేరింగుల షాపులో 608 నంబరు అని అడిగితే చాలు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 22, మందం 7. ఆ మధ్య పిల్లలు వేళ్ల మధ్య పెట్టి తిప్పిన స్పిన్నర్ల నడిమధ్య ఉన్నవి కూడా చాలావరకు ఇవే. కౌంటర్ మీదున్న కుర్రాడు ఏ మోటారుకండీ అని అడిగితే నా కాళ్లకు అని చెప్పాల్సి వచ్చింది.

రింకులు పోటీలకు వెళ్లే పిల్లలవి కావని నేననడం లేదు. వాళ్ల కష్టం కళ్లారా చూస్తున్నాం. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్పీడ్ స్కేటింగ్ 3000 మీటర్ల రిలేలో మన అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒకే రోజు కాంస్యాలు వచ్చాయి. 2025లో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ స్పీడ్ స్కేటింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మా అబ్బాయి అతని వీడియోలు చూసి తొడలు నొప్పెట్టేదాకా గుంజీలు తీస్తున్నాడు. మన విశాఖ రింకుల్లో, వుడా పార్కులో కూడా, జాతీయ స్థాయికి వెళ్లే పిల్లలు తయారవుతున్నారు. వాళ్ల టైము మాకు అక్కర్లేదు. వారంలో ఒక్క సాయంత్రం, రెండు గంటలు చాలు.

అయినా ఈ ఆట పుట్టిందే పెద్దవాళ్లు కలిసి సరదాగా తిరగడానికి. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన ఒంటిని ఒక పక్కకు వాలిస్తే అటు తిరిగే నాలుగు చక్రాల స్కేట్స్ తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందున్నవి తిన్నగా తప్ప తిరిగేవి కావు. ఆయన వాటిని అద్దెకిచ్చి, రింకులు తెరిచి, ఆడా మగా మర్యాదగా కలుసుకునే కాలక్షేపంగా ప్రచారం చేశాడు. అద్దె స్కేట్స్, టికెట్టు, సంగీతం, అప్పటి పద్ధతే ఇప్పటికీ అమెరికా రింకుల్లో నడుస్తోంది. టెక్సస్‌లో ఉండే మా పిన్ని కూతురు వాళ్ల పాప పుట్టినరోజు రింక్‌లోనే చేసింది. పిల్లల కంటే ముందు చక్రాలు కట్టుకున్నది వాళ్ల నాన్నలేనట. ఫోటోల్లో మన తెలుగు నాన్నలంతా గోడ పట్టుకునే ఉన్నారు, అది వేరే విషయం.

పారిస్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్కడ శుక్రవారం రాత్రి పదింటికి మోంపార్నాస్ దగ్గర స్కేటర్లు గుమికూడి, ఒంటిగంట దాకా ఊరంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తారు, ముప్పై కిలోమీటర్ల దాకా. రోడ్లు ఆపి పోలీసులు తోడుంటారు, కొందరు పోలీసులు కూడా స్కేట్స్ మీదే. అంత వేగం చేతకానివాళ్లకు ఆదివారం మధ్యాహ్నం బాస్తీల్ నుంచి ఇంకోటి బయల్దేరుతుంది, నిదానంగా. మనకు అంత ఆర్భాటం వద్దు. మాకు చేతకానివాళ్ల ఆదివారం చాలు.

ఇప్పుడు అసలు విన్నపం. మన ఊళ్లో రింకులు చూసే అధికారులు మీ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్లకు చేరాలని రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఓపెన్ సెషన్ పెట్టండి, కోచింగ్ లేకుండా, వయసుతో పని లేకుండా. అందరూ ట్రాక్ మీద తిరిగే వైపే, గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. కొత్తవాళ్లు రెయిలింగ్ పక్కన, స్కేటింగ్ బాగా వచ్చినవాళ్లు లోపలి వరసలో. వేగంగా పోవాలనుకునే కుర్రాళ్లకు ఆ రెండు గంటలు సెలవు. ఈల పట్టుకుని చూడ్డానికి ఒక మనిషి ఉండాలి. పెద్ద పిల్లల్లో పార్ట్‌టైం పని వెతుక్కునే స్కేటర్లు ఎంతమంది లేరు? ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఐస్ ప్యాక్ దగ్గర ఉంచితే చాలు. వచ్చిన టికెట్ డబ్బుతో రింక్‌లో ఆ మూల పగిలిన గచ్చు సరిచేయించుకోవచ్చు. అక్కడ చక్రం పడి పిల్లలు కూడా బోల్తా కొడుతున్నారు.

సంగీతం ఉంటే మంచిది, లేకపోయినా మా టీచరమ్మ పాడుతుంది.

బీచ్ రోడ్డులో కూడా ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చు. వాహనాలు ఆపే టైములో నడిచేవాళ్లకు సముద్రం వైపు, చక్రాల వాళ్లకు, అంటే సైకిళ్లకు, స్కేట్స్‌కు రెండో వైపు అని ఒక బోర్డు, ఒక తాడు పెడితే సరిపోతుంది. మేమైతే ఇప్పటికే ఆ వైపే వెళ్తున్నాం. ముందు ఎవరైనా నడుస్తుంటే దూరం నుంచే "వస్తున్నామండీ" అని గట్టిగా చెప్తున్నాం.

టికెట్ ఎంత పెట్టాలో వాళ్లిష్టం, మల్టీప్లెక్సులో సినిమా టికెట్టంత కాకపోతే చాలు. కానీ అద్దెకు స్కేట్స్ కొనేటప్పుడు మాత్రం మగవాళ్ల కొలతలు చూసి అన్నీ తొమ్మిది, పది నంబర్లు తేవద్దు. ఐదు, ఆరు నంబర్లు ఎక్కువ ఉంచండి, ప్రతి జతకీ రిస్ట్ గార్డులు కలిపి. మొదటి ఆదివారం వచ్చే వాళ్లలో ఎక్కువమంది మెట్ల మీద కూర్చున్న తల్లులే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.